పాపులందరికీ కృప, కొందరికే హాజరుపట్టీ

బిట్రగుంట పేరు వినగానే నా వయసువారికి రైలింజను గుర్తుకు రావడం సహజం. ఆవిరి యంత్రాల కాలంలో మద్రాసు–బెజవాడ మార్గంలో ఇక్కడి లోకో షెడ్డుకు గొప్ప పేరుండేది. భక్తులకైతే కొండ బిట్రగుంట ప్రసన్న వేంకటేశ్వరస్వామి స్ఫురణకు వస్తాడు. ఇదే బోగోలు మండలంలో కప్పరాళ్ళతిప్ప అనే ఊరు కూడా ఒకటి కలదు. ఆ పేరు పత్రికలలో వచ్చినప్పుడల్లా ‘దొంగలు’ అనే మాట దాని పక్కన వచ్చి కూర్చోవడం ఏళ్ళ తరబడి ఆనవాయితీ అయిపోయింది. ఆ మాట ఆ ఊరికి ఎలా అంటుకొన్నది, దానిని కడిగివేయడానికి వచ్చిన క్రైస్తవ మిషనరీలు ఏమి చేయగలిగారు, ఏమి చేయలేకపోయారు అన్న సంగతి చెప్పదలచి ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఎరుకలవారిని గురించి నాలుగు మాటలు. ‘ఎరుక’ అంటే తెలివి, జ్ఞానం. ఎరుక చెప్పే స్త్రీ ఎరుకలసాని. మన తెలుగు కథలో శ్రీనివాసుడు పద్మావతి మనసు తెలిసికోవడానికి, ఆమె తల్లిదండ్రులను ఒప్పించడానికి నారాయణవనంలో ఆకాశరాజు అంతఃపురానికి వెళ్ళినది ఈ ఎరుకలసాని వేషంలోనే. నెత్తిన గంప పెట్టుకొని రాజవీథిలో సోదె చెబుతానని కేకవేసిన ఆ దృశ్యాన్ని మన యక్షగానకర్తలు, జానపద గాయకులు ఎంత ముచ్చటగా పాడుకొన్నారో పాఠకులకు తెలియనిది కాదు. ఏడుకొండలవాడు వేసిన వేషం పుట్టుకతో దొంగల వేషం అని ఆనాడు ఎవరికీ తోచలేదు. ఇది గమనించదగిన విషయం.

వారి జీవనం గంపలు, బుట్టలు, చాపలు అల్లడం, పందుల పెంపకం, సోదె. వీటన్నిటికంటె ముఖ్యమైనది ఇంకొకటి ఉండేది, ఉప్పు వర్తకం. ఎరుకలవారు, తమిళదేశంలో వారి జ్ఞాతులైన కొరవలు, తీరంలోని ఉప్పు కొటార్ల నుంచి ఉప్పు కొని, గాడిదల మీద, ఎద్దుల మీద వేసికొని మెట్టసీమలకు తీసికొనిపోయేవారు. అక్కడ ధాన్యం కొని తిరిగివచ్చేవారు. అంటే వారు ఊరూరా తిరిగినది ఊరు లేక కాదు, వర్తకం కొరకు. ఉప్పు మీద సర్కారు పట్టు బిగిసింది. రోడ్లు, ఆ వెనుక రైలు వచ్చాయి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి, వెదురు కొట్టుకొనే అడవికి, పశువులు మేసే బీళ్ళకు అడ్డుకట్ట పడింది. ఈ లోపల 1876–78 నాటి ధాత కరువు సరేసరి. మీనా రాధాకృష్ణగారు 2001లో వెలువరించిన గ్రంథంలో ఈ పరిణామాన్ని వివరంగా చూపారు. వర్తకులు బికారులైనారు, తిరిగే బికారి పోలీసు కంటికి దొంగ అయినాడు. 1899 నాటికి తీరం వెంట రైలు బెజవాడను మద్రాసుతో కలిపింది. మన బిట్రగుంటను ఊరు చేసిన రైలే ఎరుకల గాడిదల బిడారును దారి తప్పించిందని అనుకొంటే, చిన్ననాడు ఆ ఇంజను కూతకు పరుగెత్తిన మాబోటి వారికి కొంచెం కష్టంగానే ఉంటుంది.

ఆ మీదట చట్టం. నేరస్థ తెగల చట్టం 1871లో ఉత్తర హిందూస్థానంలో మొదలైంది. ఆ చట్టాన్ని ప్రతిపాదించినప్పుడు వినవచ్చిన వాదం విచిత్రమైనది. ఈ దేశంలో వృత్తులు కులాన్ని బట్టి వస్తాయి, సాలెవాని కొడుకు సాలె, వడ్లవాని కొడుకు వడ్లవాడు, కాబట్టి దొంగ కొడుకు దొంగే అగునని దాని సారాంశం. మన కులవ్యవస్థను తప్పుపట్టిన దొరలే ఇక్కడ దానిని ప్రమాణంగా తీసికొన్నారు. 1911లో ఆ చట్టాన్ని తిరగరాసి మద్రాసు రాజధానికి కూడా వర్తింపజేశారు. 1924లో మరల ఒకసారి క్రోడీకరించారు. ఒక తెగ మొత్తాన్ని నేరస్థ తెగగా ప్రకటించవచ్చు. అందులోని వారిని రిజిస్టరులో ఎక్కించి వేలిముద్రలు తీసికొనవచ్చు. నిర్ణీత వేళలకు వారు వచ్చి హాజరు వేయించుకోవాలి. ఊరు దాటాలంటే చీటీ ఉండాలి. పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి పారిశ్రామిక పాఠశాలలో ఉంచడానికి కూడా అందులో వీలుంది. ఒక్కొక్కరి మీద నేరం రుజువు కావలసిన పని లేదు. ఫలానా తెగలో పుడితే చాలును.

ముప్పై ఏళ్ళకు పైగా హాజరు పిలిచినవాణ్ణి నేను. బడిలో ‘హాజరు’ అంటే వచ్చినాడు, మంచిది అని అర్థం. ఆ రిజిస్టరులో హాజరంటే పారిపోలేదు, ప్రస్తుతానికి మంచిది అని అర్థం. మాట ఒకటే.

ఇప్పుడు మతం సంగతికి వస్తాను. మానవుడు అసంపూర్ణుడనీ, దోషి అనీ, స్వశక్తితో తరించలేడనీ క్రైస్తవులు చెప్పే మాట మనకు కొత్తది కాదు. ఆత్మప్రదక్షిణం చేసేటప్పుడు పాపినని ఒప్పుకోవడం మన పూజావిధిలోనే ఉంది. త్యాగరాజస్వామి గౌళరాగ పంచరత్నంలో తన దోషాలను తానే వరుసపెట్టి ఏకరువు పెట్టుకొన్నాడు. అయితే క్రైస్తవంలో ఈ భావానికి మరొక పదును ఉంది. రోమా పత్రికలో పౌలు ఎవ్వరినీ మినహాయించలేదు. ధర్మశాస్త్రం తెలిసినవాడు, తెలియనివాడు, యూదుడు, గ్రీకుదేశస్థుడు, అందరూ ఒకే పంక్తిలో నిలబడవలసిందే. అయిదవ శతాబ్దిలో ఈ విషయం మీదనే పెద్ద వివాదం నడిచింది. మనిషి తన సంకల్పబలంతో పాపం లేకుండా జీవించగలడని పెలాగియస్ అన్నాడు. కాదు, పుట్టుకతోనే మనిషి సంకల్పం వంకరపోయింది, దేవుని కృప ముందుగా వచ్చి పట్టుకొంటే తప్ప లేవలేడు అని ఆగస్టీను (354–430) అన్నాడు. 418లో కార్తేజి సభ పెలాగియస్ వాదాన్ని నిరాకరించింది. జన్మపాపమన్న మాట చెవికి ఎంత కటువుగా వినిపించినా, అందులో ఒక సమత ఉంది. రాజూ జన్మపాపియే, బంటూ జన్మపాపియే. బిషప్పుకూ, కలెక్టరుకూ మినహాయింపు లేదు.

ఈ సిద్ధాంతాన్ని 1911 చట్టం పక్కన పెట్టి చూడండి. రెండూ పుట్టుకను గురించే మాట్లాడుతున్నాయి. కాని చట్టం చెప్పే పుట్టుకపాపం కొందరికే. హాజరు తీసేవానికి లేదు, వేయించుకొనేవానికే ఉంది. పైగా దానికి విమోచనం కూడా లేదు. ఆగస్టీను చెప్పినదానిలో సగం, అంటే దోషం మాత్రం, తీసికొని కృపను వదిలివేసినట్లున్నది ఆ చట్టం. క్రైస్తవ దేశం నుంచి వచ్చిన పాలకులు రాసిన చట్టమిది అని వేరే చెప్పనక్కరలేదు.

అటువంటి చట్టాన్ని అమలుపరచడానికి సర్కారు పిలిచినది కృపను బోధించే మిషనరీలనే కావడం ఈ చరిత్రలోని చిక్కుముడి. సాల్వేషన్ ఆర్మీలో ముఖ్యుడు ఫ్రెడరిక్ బూత్-టక్కర్ ఒకప్పుడు ఇండియన్ సివిల్ సర్వీసులో అధికారి. ఆ ఉద్యోగం వదలి 1882లో బొంబాయిలో సువార్తసేన జెండా ఎత్తినాడు. కాషాయం కట్టి, ఫకీర్ సింగ్ అని పేరు పెట్టుకొన్నాడు. ఆ సంస్థ 1908లో గోరఖ్‌పూరులో ఇటువంటి సెటిల్మెంటు ఒకటి చేపట్టింది. మన తెలుగుదేశంలో 1913లో బాపట్ల దగ్గర స్టూవర్టుపురం వెలసింది. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక సభలో సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు పేరు మీద ఆ ఊరికి ఆ పేరు వచ్చింది. బూత్-టక్కర్ నేరప్రవృత్తిని ఒక రోగంగా, తమ పనిని దానికి చికిత్సగా భావించి పుస్తకం కూడా రాశాడు. రోగి అనడం నేరస్థుడు అనడం కంటె కొంత మేలే. కాని వైద్యుడు తానూ అదే రోగం ఉన్నవాడినని చెప్పుకొన్న జాడ అందులో తక్కువ.

నెల్లూరు సీమలో ఈ భారం అమెరికన్ బాప్టిస్టు మిషను మీద పడింది. వారు ఇక్కడికి కొత్తవారు కారు. శామ్యూల్ డే 1840లోనే నెల్లూరు చేరినాడు. ఏళ్ళ తరబడి శిష్యులు లేక, మిషనును మూసివేద్దామని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చించుకొన్నారు. 1853లో అటువంటి చర్చ జరిగినప్పుడే దీనికి ‘ఒంటి నక్షత్రం’ అనే పేరు స్థిరపడింది. తరువాత ఒంగోలులో జాన్ క్లౌ వచ్చి కరువుకాలంలో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ పని గుత్తకు తీసికొని వేలమందికి కూలి చూపించాడు. ఆయన గురించి ఒక్క సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను. కరువు సాగినంత కాలం, ఏడాదికి పైగా, ఆయన ఎవ్వరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. అన్నం కొరకు వచ్చినారన్న అపవాదు రాకూడదని ఆయన భయం. కరువు పనులు ముగిసిన తరువాత జనం ఆగలేదు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకొన్నారు. వారిలో అత్యధికులు మాదిగలు.

క్లౌ భయంలో న్యాయం ఉంది. కాని ఒక ప్రశ్న కూడా ఉంది. ఆకలితో వచ్చినవాని విశ్వాసం పరీక్షకు నిలవాలి, కడుపు నిండినవాని విశ్వాసం నిలవనక్కరలేదా? మనిషి ఉద్దేశాలు ఎప్పుడైనా నికార్సుగా ఉన్నాయా? సువార్తలో తప్పిపోయిన కుమారుడు తండ్రి దగ్గరకు తిరిగివచ్చినది తత్త్వవిచారం చేత కాదు. పరదేశంలో కరువు వచ్చి, పందుల పొట్టుకు ఆశపడి, తండ్రి ఇంట కూలివారికి కూడా అన్నం సమృద్ధిగా ఉన్నదని గుర్తు తెచ్చుకొని వచ్చినాడు. తండ్రి కారణం అడగలేదు.

సరే, కావలి సంగతి. నేరస్థ తెగల చట్టం వచ్చిన తొలి రోజులలోనే ఇక్కడి బాప్టిస్టు మిషను వారు ఎరుకల సెటిల్మెంటును చేపట్టారు. 1910ల నడిమి నుంచి చాలా కాలం దానికి సూపరింటెండెంటుగా ఉన్నవాడు శామ్యూల్ బాడెన్. మన బిట్రగుంట పక్కనున్న కప్పరాళ్ళతిప్ప కూడా ఈ చరిత్రలోని ఊరే. బాడెన్ మిషనరీ కూడాను, చట్టం చేత అధికారం పొందిన మేనేజరు కూడాను. ఆదివారం ప్రార్థన చేయించవలసినవాడు ఆయనే, తక్కిన రోజులు హాజరు తీయించవలసినవాడూ ఆయనే. ఊరికి పోవడానికి చీటీ ఇవ్వవలసినవాడు, కాదనవలసినవాడు కూడా ఆయనే.

ఇందులోని వైరుధ్యాన్ని కొంచెం నిదానించి చూడాలి. ప్రార్థనలో చెప్పేది ఏమి? నీ క్రియల వలన కాదు, ఉచితంగానే రక్షణ అని. సెటిల్మెంటు నియమాలు చెప్పేది ఏమి? సత్ప్రవర్తన చూపు, కష్టపడి పని చెయ్యి, కొన్నేళ్ళు తప్పు లేకుండా గడుపు, అప్పుడు నీ చీటీ గడువు పెంచుతాము, అటుపైని విడుదల మాట ఆలోచిస్తాము అని. పరలోకం ఉచితం, కావలి సంతకు పోవడం మాత్రం సంపాదించుకోవాలి! కార్తేజి సభ ఓడించిన పెలాగియస్ పదిహేను వందల ఏళ్ళ తరువాత మా నెల్లూరు జిల్లాలో మేనేజరు కచేరీలో కూర్చున్నాడని నాకు అనిపిస్తుంది. ఇది వెటకారానికి అంటున్న మాట కాదు. ఆ మిషనరీలలో చిత్తశుద్ధి లేదని నేను అనను. బడులు పెట్టారు, రోగానికి మందు ఇచ్చారు, చేతిపనులు నేర్పారు, తరతరాలుగా అక్షరం ముఖం చూడనివారిచేత అక్షరాలు దిద్దించారు. ఆనాటి సవర్ణ సమాజం ఈ పని తలపెట్టనైనా తలపెట్టలేదు కదా. కాని ఆ మేలు చేయడానికి వారు ఎక్కిన అరుగు చట్టం కట్టిన అరుగు. సెటిల్మెంటు మనుషులు చవక కూలీలు కూడా అయినారు. స్టూవర్టుపురం జనాన్ని చీరాల పొగాకు పనికి పంపడం అందరికీ తెలిసిన సంగతే.

మరి ఆ ప్రార్థనకు కూర్చున్న ఎరుకలవారు ఏమి విన్నారు? వారి మాటలు పుస్తకాలకు ఎక్కలేదు. నివేదికలు రాసినది మేనేజర్లు. అయినా ఆ గ్రంథంలో ఏముందో మనకు తెలుసు గనుక, వారి ముందుకు వచ్చిన కథలు ఏవో చెప్పవచ్చు. నాలుగు సువార్తలలోను యేసు సిలువ మీద చనిపోయినది ఇద్దరు నేరస్థుల నడుమ. లూకా సువార్తలో వారిలో ఒకడు తనను జ్ఞాపకం చేసికొమ్మని అడుగుతాడు. అతనికి వెంటనే, ఆ దినమే పరదైసు మాట ఇవ్వబడుతుంది. అతనికి సత్ప్రవర్తన చూపే గడువు లేదు. చేతులు కొట్టబడి ఉన్నాయి, పని చేసి చూపే వీలూ లేదు. పన్నెండుమంది శిష్యులలో ఒక్కరికీ అంత స్పష్టంగా దక్కని మాట ఒక శిక్షపడిన దోపిడీగాడికి దక్కింది. ఈ కథ కలెక్టరుగారి భార్య విన్నప్పుడు ఒక అర్థం. వేలిముద్ర పడిన మనిషి విన్నప్పుడు వేరొక అర్థం. ఆ భేదాన్ని ఏ సూపరింటెండెంటూ ఆపలేడు.

భాషా పండితుడిగా మరొక్క విశేషం చెప్పాలి. పరలోకప్రార్థనలో క్షమించుమని అడిగేది దేనిని? లూకా పాఠంలో ‘పాపములు’ అని ఉంది. మత్తయి పాఠానికి మన తెలుగు బైబిలు అనువాదకులు ‘ఋణములు’ అని వేశారు. గ్రీకు మూలంలో ఉన్నది కూడా అప్పు అన్న మాటే. నేరం అంటే ఒకడి మీద మోపేది. పాపం అంటే ఒకడిలో ఉండేది. ఋణం అట్లా కాదు, దానికి ఇద్దరు ఉండాలి. పైగా ఆ ప్రార్థనలో అడిగేవాడు తన ఋణస్థులను తాను ముందు క్షమించి ఉండాలి. ఉప్పు వర్తకం పోగొట్టుకొని, అడవి పోగొట్టుకొని, పేరు పోగొట్టుకొన్నవారు ఆ ప్రార్థన చెప్పేటప్పుడు, ఎవరు ఎవరికి ఋణస్థులో ఆలోచిస్తే లెక్క తలకిందులవుతుంది. ఆ పదం ఎన్నుకొన్న అనువాదకులకు ఈ సెటిల్మెంట్లు తెలియవు. అయినా మాట మంచిది పడింది.

వారిలో పలువురు క్రైస్తవులైనారు. వారి సంతతిలో ఉపాధ్యాయులు, ఉద్యోగులు, బోధకులు వచ్చారు. కొందరు దొంగతనాలూ చేశారు, మిగతా కులాలలో కొందరు చేసినట్లే. తేడా ఎక్కడంటే, మిగతా కులాలలో దొంగ పట్టుబడితే అతని పేరు రాస్తారు, ఇక్కడ ఊరి పేరు రాస్తారు. నా ఉద్యోగకాలంలో ఒక పాఠశాలలో పిల్లవాడి పెన్ను పోతే ముందుగా ఏ ఊరి పిల్లల సంచులు వెదికేవారో నేను చూచినాను. అప్పటికి చట్టం పోయి మూడు దశాబ్దులు గడిచింది.

చట్టం పోవడం కూడా చెప్పుకోదగిన కథే. మద్రాసు రాష్ట్రంలో 1947లో రద్దయింది. దేశమంతటికీ సంబంధించి విచారించడానికి 1949లో ఒక సంఘాన్ని నియమించారు. దానికి అధ్యక్షుడు మాడభూషి అనంతశయనం అయ్యంగారు, తరువాతి కాలంలో లోక్‌సభ స్పీకరు. ఆయనది తిరుచానూరు. ఎరుకలసాని ఎవరికి సోదె చెప్పిందో ఆ పద్మావతీదేవి వెలసిన ఊరు. చట్టాన్ని రద్దు చేయవలసినదని ఆ సంఘం సిఫారసు చేసింది. 1952 ఆగస్టు 31న కేంద్రం రద్దు చేసింది. నాటి నుంచి ఈ తెగలను విముక్త జాతులు అంటున్నారు. కాని ఆ వెంటనే రాష్ట్రాలలో అలవాటు నేరస్థుల చట్టాలు వచ్చి, పోలీసు రికార్డులలో పాత పేర్లు కొత్త శీర్షిక కింద కొనసాగాయి. 1991లో ఒకే ఏడాది స్టూవర్టుపురం పేరు పెట్టుకొని రెండు తెలుగు సినిమాలు వచ్చాయి. 2023లో ఇంకొకటి ఆ ఊరి గజదొంగ మీద వచ్చింది. ఆ ఊరి నుంచి వచ్చిన బడిపంతులు మీద సినిమా ఎవరు తీస్తారు?

స్టూవర్టుపురంలో 1970ల నుంచి సంస్కరణ కార్యం సాగించిన హేమలతా లవణంగారి పేరు చెప్పకుంటే ఈ వ్యాసం కుంటుపడుతుంది. ఆమె మహాకవి గుఱ్ఱం జాషువ కుమార్తె. జాషువను పురాణాలు చదువుతున్నాడని క్రైస్తవ సంఘం వెలివేసింది. అస్పృశ్యుడని హైందవ సమాజం దూరం పెట్టింది. ఆయనే ‘క్రీస్తు చరిత్ర’ రాసి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందాడు. ఆయన కూతురు నాస్తికుడైన గోరాగారి కుమారుడు లవణాన్ని పెళ్ళాడి, దేవుని పేరు ఎత్తకుండానే ఆ ఇళ్ళ గడపలు ఎక్కింది. వారి ఇంటి మనిషిలా మసలింది, హాజరు అడగలేదు. కృప అంటే ఏమో వేదాంతులు నిర్వచించుకోవచ్చు. నామట్టుకు నాకు సెటిల్మెంటు మేనేజరు కంటె ఈ నాస్తికురాలు సిలువ మీది ఆ మాటకు దగ్గరగా కనిపిస్తుంది. విశ్వాసులైన మిత్రులు దీనికి నొచ్చుకొనకుందురు గాక.

2024 అక్టోబరు 3న సుప్రీంకోర్టు జైలు నియమావళులలోని కుల వివక్షను కొట్టివేస్తూ, విముక్త జాతుల వారిని పుట్టుకను బట్టి అలవాటు నేరస్థులుగా జమకట్టే నిబంధనలు కూడా చెల్లవని తీర్పు చెప్పింది. 1871 నుంచి లెక్కిస్తే నూట యాభై మూడు సంవత్సరాలు. తీర్పు ప్రతి కప్పరాళ్ళతిప్పకు ఎప్పుడు చేరుతుందో తెలియదు గాని, బోగోలు నుంచి ఆటోలో పోతే దూరం పెద్దది కాదు.